డిగ్రీ ఎవరికి చిత్తు కాగితం?

డిగ్రీకి విలువ లేదని నాతో అన్నవాళ్ళందరికీ డిగ్రీ ఉంది. లేనివాళ్ళెవరూ ఆ మాట అనలేదు. మా అమ్మ అనలేదు. మా నాయన అనలేదు. ఏడో తరగతిలో బడి మానేసిన మా అక్క అసలే అనలేదు.

ఆ మాట నేను మొదటిసారి ఒక సాహిత్య సభలో విన్నాను. వేదిక మీద ఒక పెద్దాయన, పేరున్న కథకుడు, అభ్యుదయవాది. "ఈ డిగ్రీలన్నీ చిత్తు కాగితాలు, శనగలు పొట్లం కట్టుకోడానికి కూడా పనికిరావు" అన్నాడు. హాలంతా చప్పట్లు. నేనూ అలవాటు చొప్పున చేతులెత్తి, మళ్ళీ దించుకున్నాను. నా ఒళ్ళో ఆ సభ ఆహ్వానపత్రం ఉంది. అందులో ఆయన పేరు పక్కన ఎం.ఏ. అని అచ్చేసి ఉంది. అది తీసెయ్యమని ఆయన అడిగినట్టు లేదు.

ఆయన పొట్లానికి కూడా పనికిరాదన్న ఆ కాగితం మా ఇంటికి ఎలా వచ్చిందో, దాన్ని గురించి మన కథలూ నాటకాలూ సినిమాలూ ఏం చెప్పాయో, ఏం చెప్పకుండా వదిలేశాయో రాద్దామని కూర్చున్నాను.

మాది చీరాల వైపు ఒక మాదిగపల్లె. నేను చదువుకునేనాటికి ప్రకాశం జిల్లా. 2022లో బాపట్ల జిల్లాలోకి పోయింది. నాయన చెప్పులు కుట్టేవాడు, మోటబొక్కెనలు కుట్టేవాడు. మోటలు పోయి కరెంటు మోటార్లు వచ్చాక ఆ పని తగ్గి కూలికి పోయాడు. అమ్మ సీజన్‌లో పొగాకు గ్రేడింగ్‌కు పోయేది. సాయంత్రం ఇంటికొస్తే ఆమెకన్నా ముందు ఆకు ఘాటు వచ్చేది. రాత్రంతా దగ్గేది. అక్క నాకన్నా రెండేళ్ళు పెద్ద. చదువులో నాకన్నా చురుకు. ఎక్కాలు నాకు నేర్పింది ఆమే. ఇద్దరికీ పుస్తకాలు కొనలేని ఏడు వచ్చింది. ఎవరు మానాలో ఇంట్లో ఎవరూ చర్చించలేదు. ఒకరోజు పొద్దున అమ్మ రెండు సద్ది గిన్నెలు కట్టింది. ఒకటి తనకి, ఒకటి అక్కకి. ఆ రోజు నుంచి అక్క కూడా ఆకు దగ్గరికి పోయింది. నేను బడికి పోయాను.

హాస్టల్ గురించి, నీళ్ళ చారు గురించి, పురుగులన్నం గురించి మావాళ్ళు చాలామంది రాశారు. నేను మళ్ళీ రాయను. నాకు గుర్తుండిపోయింది డిగ్రీ కాలేజీలో మొదటి ఏడాది, 1985. జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. బతికినవాళ్ళు చీరాలకు పరిగెత్తుకొచ్చారు. మేం హాస్టల్ పిల్లలం అక్కడికి పోయి చూశాం. గోనెపట్టాల మీద పడుకున్న ముసలివాళ్ళని, బిడ్డల్ని ఒళ్ళో పెట్టుకుని ఎటో చూస్తున్న ఆడవాళ్ళని చూశాం. మళ్ళీ కాలేజీకి పోయి క్లాసులో కూర్చున్నాం. పాఠం జరిగింది. ఎవరూ ఏమీ అనలేదు. పది మైళ్ళ అవతల మనుషుల్ని చంపితే క్లాసులో దాని ఊసే ఉండదని నాకు అప్పుడే తెలిసింది. డిగ్రీ నాకు నేర్పిన మొదటి పాఠం అదే.

ఆ తర్వాత కొన్నాళ్ళకు అటెండరు రిజిస్టరు పట్టుకుని క్లాసుకొచ్చాడు. "ఎస్సీ స్కాలర్‌షిప్ వాళ్ళు లేచి నిలబడండి" అన్నాడు. పదకొండు మందిమి లేచాం. నా పక్కన కూర్చునే అతను నా మొహంలోకి చూశాడు. అంతకుముందు రోజే నా పెన్ను తీసుకుని రాసుకున్నాడు. మర్నాడు వేరే బెంచీలో కూర్చున్నాడు. గొడవ పడలేదు, తిట్టలేదు. లేచి వెళ్ళి కూర్చున్నాడంతే.

ఆ స్కాలర్‌షిప్పు ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు. అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్లో ఉన్న కాలంలో, 1944లో మొదలైన పథకం అది. అది నాకు అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే తల కొంచెం ఎత్తి నిలబడేవాణ్ణేమో. ఆ డబ్బులు ఏ ఏడూ పరీక్షల ముందు రాలేదు. ఫీజు కట్టకపోతే హాల్‌టికెట్ ఇవ్వమన్నారు. రెండో ఏడు అక్క చెవి పోగులు తాకట్టు పెట్టారు. మూడో ఏడు తాకట్టు పెట్టడానికి ఏం లేక అమ్మ ఆకు కంపెనీ మేస్త్రీ దగ్గర ముందే కూలి తీసుకుంది. ఆ అప్పు తీరేదాకా మరుసటి సీజన్ అంతా చేసింది. అట్లా 1988లో నేను బి.ఏ. అయ్యాను. హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్. తెలుగు మీడియం. సెకండ్ క్లాస్. మూడేళ్ళ పాఠాల్లో మా వాడ ఒక్కసారే కనిపించింది, ఎకనామిక్స్‌లో దారిద్ర్యరేఖ గురించి చెప్పినచోట.

ఇప్పుడు సాహిత్యం దగ్గరికి వస్తాను.

చదువుకున్న దళితుడు అనగానే పెద్దలు మొదట చెప్పేది బోయి భీమన్న 'పాలేరు' నాటకం. స్వాతంత్ర్యం రాకముందే రాసింది. పాలేరు పని చేసే వెంకన్న చదువుకుని డిప్యూటీ కలెక్టరవుతాడు. ఆ నాటకాన్ని ఊరూరా ఆడారు. అది చూసి పిల్లల్ని పాలేరుతనం మాన్పించి బడికి పంపిన తల్లిదండ్రులున్నారని మా పెద్దలు చెప్పేవాళ్ళు. ఒక నాటకం ఇంతకన్నా చేయగలిగిందేముంది? 1922లో వచ్చిన 'మాలపల్లి'లో పాలేరు సంగదాసు చనిపోతే ఏడ్చాం. 'పాలేరు'లో వెంకన్న గెలిస్తే లేచి నిలబడ్డాం. రాసినవాడు మనవాడు కాబట్టి చావు దగ్గర ఆపలేదు. ఆ గౌరవం నాకుంది.

కానీ నా తగాదా కూడా అక్కడే ఉంది. వెంకన్న కలెక్టరు కాకపోయి ఉంటే? చదివి, పాసై, నాలుగేళ్ళు పల్లెలోనే ఉండిపోయి ఉంటే? అప్పుడు ఆ చదువు వృథా అయినట్టేనా? 'పాలేరు' చదువుకు విలువ కట్టింది కుర్చీతో. కుర్చీ దొరికితే చదువు గెలిచింది. దొరక్కపోతే దాని దగ్గర జవాబు లేదు. డిగ్రీ చేతికొచ్చి నేను ఇంటికొస్తే పల్లె అంతా నన్ను ఆ నాటకం కళ్ళతోనే చూసింది. మొదటి నెల "కలెట్రు గారొచ్చాడు" అన్నారు ముద్దుగా. మూడో నెలకి అదే మాట ఎగతాళి అయింది. ఆరో నెలకి ఆ మాట కూడా మానేశారు. నేను పొగాకు బ్యారన్ దగ్గర రాత్రి కాపలాకి పోయాను. మంట వేడికి కూర్చుని పోటీ పరీక్షల పుస్తకాలు చదివేవాణ్ణి.

రెండో బొమ్మ సినిమా ఇచ్చింది. 1981లో వచ్చిన బాలచందర్ 'ఆకలి రాజ్యం'. హాస్టల్ గోడ దూకి పోయి చూశాను. ఏడ్చాను. చదువుకున్న కుర్రాడు, గౌరవమైన ఇంటి బిడ్డ, ఢిల్లీలో ఉద్యోగం దొరక్క ఆకలికి మాడి, చివరికి మంగలి షాపులో కత్తి పడతాడు. తండ్రి కొడుకును అక్కడ చూస్తాడు. హాలంతా నిశ్శబ్దం. ఏ పనైనా గౌరవమైందేనని సినిమా చెబుతుంది. మంచి మాటే. కాదనను.

చాలా ఏళ్ళకు మళ్ళీ చూసినప్పుడు మా ఊరి మంగలి కొడుకు గుర్తొచ్చాడు. పదో తరగతి దాకా నాతో చదివాడు. మానేసి వాళ్ళ నాయన పొది పట్టుకున్నాడు. వాడి మీద ఎవరూ సినిమా తీయలేదు. వాణ్ణి షాపులో చూసి ఎవరి గుండె పగల్లేదు. వాడి పని వాడు చేసుకుంటున్నాడు అనుకున్నారు. పై కులం వాడు కత్తి పట్టుకుంటే అది త్యాగం, తిరుగుబాటు, శ్రమ గౌరవం. మంగలి కొడుకు పట్టుకుంటే కులవృత్తి. డిగ్రీ పనికిరాకుండా పోవడమంటే ఆ సినిమాలో ఎంత కిందికి దిగాలో, అంత కిందే మా పుట్టుక. మేం పైకెక్కడానికి వేసుకున్న మెట్టు వాళ్ళకి జారిపడిన మెట్టు. ఒకే మెట్టు మీద ఇద్దరం నిలబడి ఉంటే కెమెరా వాళ్ళవైపే తిరిగింది.

తెలుగు కథల్లో, సినిమాల్లో ఆ కాలపు నిరుద్యోగి దాదాపు ఎప్పుడూ ఆ అబ్బాయే. అతని కోపం నిజమే, ఆకలీ నిజమే. కానీ అతను డిగ్రీని తిట్టగలడు. ఎందుకంటే డిగ్రీ లేకపోయినా అతన్ని చదువుకున్నవాడనే అంటారు. ఇంటిపేరు చెబుతుంది, మాట తీరు చెబుతుంది, తాత పేరు చెబుతుంది. "చదువు వేరు, డిగ్రీ వేరు. కావలసింది సంస్కారం" అని ఉపన్యాసాలిచ్చేవాళ్ళకు నేను అడిగే ప్రశ్న ఇదొక్కటే. కాగితం చూపించకుండా చదువుకున్నామని నమ్మించగలిగింది ఎవరు? మేం మాత్రం ప్రతిచోటా కాగితం తీసి చూపించాలి. చూపించినా ఒకసారి అటూ ఇటూ తిప్పి చూస్తారు.

చూపించినా చాలదనడానికి జాషువాకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఉభయభాషా ప్రవీణ. పంతులు. 1941లో 'గబ్బిలం' రాసినవాడు. పద్యం విని ఆహా అన్నవాళ్ళే కులం తెలిశాక మొహం తిప్పుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది 1970లో. మరుసటేడే ఆయన పోయాడు. పట్టా కులాన్ని తుడిచేస్తుందని ఎవరైనా అంటే ఆయన జీవితం ఒప్పుకోదు. ఇంకో మాట కూడా. మా చదువు ఊళ్ళో వాళ్ళకు కంటగింపు అయింది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. దాని మొదలు ఎక్కడ? సినిమా హాల్లో చదువుకుంటున్న దళిత కుర్రాడి కాలు ముందు సీటువాడికి తగలడం దగ్గర. పాలేరు కాలైతే అంత మంట పుట్టేది కాదు. డిగ్రీకి విలువ లేదని అనుకునేవాళ్ళు దాన్ని చూసి అంత ఎందుకు మండారు?

ఇక నా డిగ్రీ ఏం చేసిందో చెబుతాను. ఒక్క సంగతి చాలు.

1992. నాకు ఇంకా ఉద్యోగం లేదు. మా పల్లె కుర్రాడొకడు బ్యారన్ దగ్గర మూడు నెలలు పనిచేసి కూలి అడిగితే కులం పేరు పెట్టి తిట్టి కొట్టారు. వాణ్ణి తీసుకుని అయిదుగురం స్టేషన్‌కు పోయాం. చెప్పింది రాసుకున్నారు. వేలిముద్ర వెయ్యమన్నారు. నేను ఆ కాగితం అడిగి చదివాను. కులం తిట్టు సంగతి అందులో లేదు. మామూలు కొట్లాట అని ఉంది. అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, 1990 జనవరి నుంచి అమల్లో ఉంది. ఆ మాట నాకు కాలేజీ చెప్పలేదు, కారంచేడు తర్వాత లేచిన దళిత ఉద్యమం మీటింగుల్లో విన్నాను. కానీ ఆ కాగితంలో ఏముందో, ఏం లేదో పట్టుకునే చూపు మాత్రం చదువే ఇచ్చింది.

"చట్టం పేరు రాయలేదండి" అన్నాను.

ఎస్సై తలెత్తాడు. "ఏం చదివావురా?"

"బి.ఏ. అండీ."

"బి.ఏ.నా?" కాసేపు చూశాడు. "నువ్వు చెబితే రాయాలా?"

ఆ మాటలో 'రా' పోయి 'నువ్వు' వచ్చింది. 'మీరు' రాలేదు. కుర్చీ కూడా రాలేదు. నాలుగు సార్లు తిరిగాం. నాలుగోసారి చట్టం పేరు రాశారు. ఫిర్యాదు ఇచ్చినవాడికి ఎఫ్.ఐ.ఆర్. నకలు ఊరికే ఇవ్వాలి, అది అడిగి తీసుకున్నాను. చివరికి సాక్షులు మాట మార్చారు, కేసు నిలబడలేదు. కానీ ఆ నకలు బయటికొచ్చిన నెలలోపే పిల్లోడి మూడు నెలల కూలి ఇంటికొచ్చింది. తర్వాత పల్లెలో ఏ కాగితం వచ్చినా నా దగ్గరికి తెచ్చారు. పట్టా కాగితం, బ్యాంకు నోటీసు, పింఛను దరఖాస్తు. వేలిముద్ర వేసే ముందు "ఉండండి, మావోడు సదవాల" అనడం మొదలుపెట్టారు. ఆ "ఉండండి" అనే మాటకు మా పల్లెలో అంతకుముందు చోటు లేదు. ఏ ఉద్యోగమూ లేని సెకండ్ క్లాస్ బి.ఏ. చేసిన పని ఇది. దీన్ని 'పాలేరు' లెక్కలో ఎక్కడ వేస్తారు? 'ఆకలి రాజ్యం' లెక్కలో ఎక్కడ వేస్తారు?

తర్వాత నేను బి.ఇడి. చేశాను, పంతులునయ్యాను. అక్కడ నుంచి నా తప్పులు మొదలయ్యాయి. అవి చెప్పకపోతే ఈ విమర్శ సగమే. టౌన్లో అద్దె ఇల్లు కోసం కులం దాచాను. అడిగితే ఊరి పేరు చెప్పి మాట మార్చాను. అమ్మ చూడ్డానికొచ్చి గుమ్మంలో "సదువు" అంటే, పక్కింటివాళ్ళు వింటారని "చదువు అనమ్మా" అని దిద్దాను. ఆమె రెండు రోజులుండి వెళ్ళిపోయింది. ఆ రెండు రోజులూ పెద్దగా మాట్లాడలేదు. చదువుకున్నవాళ్ళే తనను మోసం చేశారని అంబేద్కర్ 1956లో ఆగ్రాలో బాధపడ్డాడు. ఆ మాట వేరేవాళ్ళ గురించి అనుకుని మీటింగుల్లో నేనే చెప్పాను కూడా.

మన సాహిత్యానికీ ఇదే జబ్బు. మనవాళ్ళ ఆత్మకథల్లో నేను చదివిన చాలావాటిలో ఉద్యోగం రాగానే కథ ముగుస్తుంది. ఆకలి రాస్తాం, అవమానం రాస్తాం, హాస్టల్ రాస్తాం. డిగ్రీ వచ్చాక మనం ఏం చేశామో, ఎవరిని వెనక వదిలామో రాయం. మనకోసం బడి మానేసిన అక్కాచెల్లెళ్ళ పేర్లు మొదటి పేజీలో అంకితాల్లో తప్ప లోపల కనపడవు. 1994 జూలై 7న మా పక్కనే ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా ఎస్సీల్లో ఎవరికి ఎన్ని సీట్లు, ఎన్ని ఉద్యోగాలని లెక్క అడిగింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెయ్యొచ్చని చెప్పడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఆ లెక్క అడగడం న్యాయం. అదే లెక్క ఇంట్లో కూడా అడగాలి. అన్నకెంత, అక్కకెంత?

మా అక్క లెక్క ఇది. హైదరాబాద్‌లో 1982లో పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయానికి 1991లో అంబేద్కర్ పేరు పెట్టారు. బడి చదువు కాగితం లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు అప్పట్లో ఉండేది. నేను పంతులునై ఎన్నో ఏళ్ళయినా ఆ సంగతి అక్కకు చెప్పాలని నాకు తోచలేదు. ఆమె కూతురు చెప్పింది. అర్హత పరీక్ష రాసేనాటికి అక్కకు నలభై దగ్గర పడుతోంది. ఆదివారాలు స్టడీ సెంటర్‌కు బస్సులో పోయేది. ఇంగ్లీషు రెండుసార్లు పోయింది. మూడోసారి పాసైంది. థర్డ్ క్లాస్ బి.ఏ. ఉద్యోగం రాలేదు. వయసు దాటింది. ఆ సర్టిఫికెట్‌ను బజార్లో లామినేషన్ చేయించింది. "అట్లా చేస్తే ఆఫీసుల్లో ఒప్పుకోరే" అన్నాను. "ఏ ఆఫీసుకి తీసకపోతారా నేను? ఎలకలు కొట్టకుండా ఉంటే చాలు" అంది.

"ఇంత కష్టపడి ఏమొచ్చిందక్కా?" అని అడిగాను ఒకసారి. ఆ సభలో పెద్దాయన మాటే నా నోట్లోంచి వచ్చిందని అడిగాక తెలిసింది.

ఆమె బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు. "నీకు వచ్చినప్పుడు ఈ మాట ఎవరన్నా అడిగారంట్రా?" అంది.

అడగలేదు. నాకు వచ్చినప్పుడు పల్లెంతా పండగ చేసింది.

ఇప్పుడు మా పల్లెలో బి.టెక్. పిల్లలున్నారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ చూసి చేరారు. ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకున్న కాలేజీలున్నాయి. బైకు మీద భోజనాలు మోస్తున్న బి.టెక్.లూ ఉన్నారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల డిగ్రీ దాటి పీహెచ్.డి. దాకా పోయి హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకున్నాడు. కాబట్టి డిగ్రీ చాలని నేను చెప్పను. చాలదు. చాలనిదీ పనికిరానిదీ ఒకటే అన్నట్టు మాట్లాడేవాళ్ళతోనే నా పేచీ. మేం గుమ్మం దాకా వచ్చేసరికి ఇల్లు పాతబడిందని చెబుతున్నారు. వాళ్ళు మాత్రం ఇంకా లోపలే ఉన్నారు. వాళ్ళ పిల్లలు అమెరికా పోవడానికి అదే డిగ్రీ కాగితం పట్టుకుని కాన్సులేట్ దగ్గర నిలబడుతున్నారు.

ఆ పెద్దాయన ఇప్పుడు లేడు. ఉంటే అక్క ఇంటికి తీసుకుపోయేవాణ్ణి. గోడ మీద ఏసుక్రీస్తు పటం, అంబేద్కర్ పటం, వాటి పక్కన టౌన్ స్టూడియోలో అద్దె గౌను వేసుకుని తీయించుకున్న అక్క ఫోటో ఉంటాయి. గౌను ఆమెకు పొడుగు. చేతులు కనపడవు. ఆకు పనిలో నల్లబడిన వేళ్ళు కనపడకుండా చేతులు లోపలికి లాక్కుందని నాకు తెలుసు.

మన రచయితలారా, ఆ చేతుల గురించి రాయండి. కలెక్టరైన వెంకన్న కథ మనకుంది. డిగ్రీ చదివి పల్లెలోనే ఉండి, వేలిముద్ర వెయ్యబోతున్న ముసలామెతో "ఉండవ్వా" అన్నవాడి కథ ఇంకా రాలేదు. నలభై ఏళ్ళకు ఇంగ్లీషు పాసైన అక్క కథ రాలేదు. అది ఆమే రాస్తే మంచిది. కాగితం ఆమె దగ్గర కూడా ఉంది.